బంద్ చెయ్యొద్దు

లైన్‌మన్ వైకుంఠం పాలగిన్నె ముందుకు చాపి, ఎప్పుడూ మాట్లాడే తీరులోనే ఆ మాట అన్నాడు.

"శనివారం కరెంటుండది యశోదా. పొద్దుగాల పోతే మల్ల పొద్దుమీకినంకనే. బోనాలకు ఏనుగు మీద అమ్మవారి ఘటం వచ్చే తొవ్వ గద ఇది. తీగలు కిందికి ఏలాడుతున్నయి, మీదికి గుంజాలె."

యశోద చేతిలో లీటరు కొలత ఒరిగింది. పాలు గిన్నె అంచు మీంచి వైకుంఠం వేళ్ల మీదికి కారాయి.

"పొద్దంతనా?"

"పొద్దంత. ఏంది గట్ల జూస్తున్నవ్? ఒక్కనాడు ఫ్యాను లేకుంటే సస్తమా?"

అన్నాక అతనికి గుర్తొచ్చినట్టుంది. నాలుక కరుచుకుని, ఆమె భుజం మీదుగా గది మూలకు ఒకసారి చూసి, పాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఛత్రినాకలోని ఆ సందులో ఆ మూల సంగతి తెలియని వాళ్లు లేరు.

అక్కడ బల్ల మీద కంప్యూటర్ సన్నగా గురక పెడుతోంది. గోడ మీది స్విచ్చుల బోర్డుకి యశోద తన చేతివ్రాతతో ఒక కాగితం అంటించింది, "బంద్ చెయ్యొద్దు" అని. పెట్టె ముందున్న పవర్ బటన్ మీద దెబ్బలకు వేసే పట్టీ అడ్డంగా అతికించింది. తెర మీద గుండ్రటి చట్రంలో ఆమె భర్త మహేందర్ ఫోటో, కింద అతని పేరు, ఆ కింద ఒక ఖాళీ గడి. ఆ గడిలో పడాల్సిన మాట మహేందర్‌కి ఒక్కడికే తెలుసు. చలికాలం చివర్లో డెంగీ జ్వరంతో మహేందర్ పోయాడు. పెట్టె మాత్రం అతను తాళం వేసి దవాఖానాకు బయలుదేరిన నాటి నుంచి అలాగే నడుస్తోంది. కరెంటు పోయినప్పుడల్లా కింద యూపీఎస్ ఒక గంట దాకా దాన్ని మోసేది. ఈ బస్తీలో కరెంటు అంతకంటే ఎక్కువసేపు ఎప్పుడూ పోలేదు.

మహేందర్‌ని చుట్టుపక్కల వాళ్లు లినక్స్ మహేందర్ అనేవారు. ముసలిదై ఆయాసపడే కంప్యూటర్ ఎవరింట్లో కనిపించినా దాంట్లో లినక్స్ వేసి పరుగెత్తించేవాడు. వేసి ఊరుకునే రకం కాదు, ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు. "ఎవడో పంపిన కమాండు గుడ్డిగ కొట్టకుండ్రి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి తెరకు అంటిస్తే దొంగకు బొట్టువెట్టి పిలిచినట్టే." తన పెట్టెకైతే రెండు తాళాలు వేసుకున్నాడు. ఒకటి తెరకు, ఒకటి లోపలి డిస్కుకు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టు, ఆ తాళాల మాట ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయాడు.

అతని స్నేహితుడు అనురాగ్‌కి నయాపూల్ దగ్గర కంప్యూటర్ల దుకాణం ఉంది. కర్మలు అయిన మర్నాడు అతను వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి, "ఇది నడుస్తున్నంత సేపే మహేందర్ దీంట్ల ఉంటడు వదినా. ఒక్కసారి బంద్ అయితే డిస్కు తాళం పడతది, ఇగ ఉత్త ఇనుప డబ్బా" అన్నాడు. మహేందర్ అంటే మహేందర్ ఫైళ్లని అతని ఉద్దేశం. పక్కనే కూర్చున్న అత్త బాలమ్మ ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా పట్టుకుంది.

పట్టుకోవడానికి కారణమూ ఉంది. వైకుంఠం వచ్చి వెళ్లిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, రోజూ జరిగేదే మళ్లీ జరిగింది. యశోద వెనక కొట్టంలో బర్రెలకు తవుడు కలుపుతోంది. బాలమ్మ ముందుగదిలో పెరుగు తోడేస్తోంది. స్పీకర్లలో గరగరమంది.

"అమ్మా, బీపీ గోలి ఏసుకున్నవా? ఏసుకో. మర్శిపోకు."

మహేందర్ గొంతు. రోజూ ఆ వేళకు దానంతటదే మోగేలా అతను బతికుండగా రికార్డు చేసి పెట్టింది. ఆ గొంతు వెనక ఎక్కడో ఒక బర్రె అరుపు. రికార్డు చేసిన రోజున కొట్టంలో అరిచిన బర్రె అది. దాన్ని అమ్మేసి చాలా రోజులైంది. అయినా ఆ అరుపు వినగానే కొట్టంలోని దాని దూడ చెవులు నిక్కబొడుచుకుంటుంది.

"ఏసుకుంటున్న నాయినా. నువ్వు తిన్నవా?" అంది బాలమ్మ.

అని, ఊరుకుంది. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఊరుకుని, అప్పుడు గోలి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. యశోద అడిగితే ఆమె వేసుకోదు. డాక్టర్ చెప్పినా వేసుకోదు. "వాడు అడుగుతడు గద" అంటుంది. కొడుకు పోయిన రోజున కూడా ఆ ముసలామె కంట నీటిచుక్క రాలేదు. ఏడుస్తున్న కోడల్ని వింతగా చూసి, "ఎందుకే ఏడుస్తవ్, పొద్దుమీకితే మాట్లాడుతడు గద" అంది. అది విని శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

యశోద ఆ వేళకు కావాలనే కొట్టంలోకి పోతుంది. ఆ గొంతు వినబడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. రోజూ అమ్మను పిలుస్తాడు. ఒక్కనాడైనా యశోదా అని పిలవడు. చచ్చినవాడి మీద అలకేమిటని తనను తానే తిట్టుకుంటుంది, మర్నాడు మళ్లీ అలుగుతుంది. అయినా ఆ గొంతు ఆగిపోతుందంటే మాత్రం ఆమెకు భయమేసింది. శనివారం కరెంటు పోతే ఆ పెట్టె ఆగుతుంది, గొంతు ఆగుతుంది, గోలి ఆగుతుంది. ముసలామె ఎన్నాళ్లుంటుంది?

మర్నాడు మధ్యాహ్నం అనురాగ్ దుకాణం మూసి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు మీటలు కలిపి నొక్కాడు. మహేందర్ ఫోటో పోయి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. అక్కడా అదే మాట అడుగుతోంది.

"ఇంకో దర్వాజ ఉన్నదేమోనని చూసిన. అన్ని దర్వాజలకు ఒక్కటే తాళం" అన్నాడు.

"పగలగొట్టే ఉపాయమే లేదా అనురాగ్? గింత పెద్ద దుకాణం నడుపుతున్నవ్."

"ఉన్నదనుకో వదినా, అది నాకు తెలిస్తే దొంగకు గూడ తెల్సినట్టే గద. గట్ల తెల్వకుండ ఉండాలనే వాడు ఏసిండు. మస్తు గట్టిగ ఏసిండు నా దోస్తు."

"జనరేటర్ పెడితే?"

"బోనాల పందిళ్లోళ్లు ఒక్కటి మిగిల్చితే గద. నా దుకాణంల ఇన్వర్టర్ ఉన్నది, శనివారం పొద్దున ఆటోల ఏసుకొస్త. మధ్యాహ్నం దాక లాగుతది. ఆ తర్వాత అల్లా మాలిక్."

అతను మళ్లీ ఫోటో ఉన్న తెరకు వచ్చి, కొన్ని మాటలు కొట్టి చూశాడు. మూడుసార్లు తప్పు కొడితే పెట్టె అలుగుతుంది, కాసేపు ఏం కొట్టినా వినదు. అది అలిగింది. అనురాగ్ వేళ్లు విరుచుకుంటూ అడిగాడు.

"వాడు ఎన్నడన్న మాటల సందుల చెప్పిండా?"

యశోద బల్ల మీద లేని దుమ్మును కొంగుతో తుడిచింది.

"నేనే అడిగిన. దవాఖానల. ఆరోగ్య కార్డుకు ఆధార్ కావాలన్నరు, అది ఈ పెట్టెల ఉండె. పాస్‌వర్డ్ ఏంది అని అడిగిన. యాదిలేదు అన్నడు. మల్ల అడిగిన, మల్ల గదే మాట. పైగ నవ్వు. నాకు కోపమొచ్చి, నేనన్న యాదున్ననా లేనా అన్న. ఇంకింత నవ్విండు. అవుతల లైన్ల నిలబడి నేను సస్తుంటే ఈయనకు నవ్వులాట అని కిందికి దిగిపోయిన. చాయ తాగి వచ్చేసరికి నోట్లె గొట్టం పెట్టిండ్రు. ఇగ మాటనే లేదు."

"జ్వరం తలకెక్కినంక మనిషికి ఏం యాదుంటది వదినా" అన్నాడు అనురాగ్, ఆమె ముఖం చూడకుండా.

ఓదార్పుగా అన్నాడు గానీ, ఆమెకు అది పుండు మీద కారమే. గుర్తులేదన్నాడంటే మనసు ముందే పోయింది, ఆ నవ్వు తనను చూసి నవ్వింది కాదు, ఎవరో తెలియని మనిషిని చూసి నవ్విన నవ్వు. అదే అనుకుంటూ ఆమె ఇన్ని రాత్రులు పడుకుంది.

వెళ్లేముందు అనురాగ్ అరచేతంత డిస్కొకటి బల్ల మీద పెట్టాడు. దాని తీగ ఎక్కడ గుచ్చాలో, ఏది పట్టి ఎక్కడికి లాగాలో రెండుసార్లు చూపించాడు. "ఏమో, ఏదన్న తట్టి తెరుచుకున్నదనుకో. ముందుగాల గిది పెట్టి ఆయన ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టు. ఫోటోలు జూసుకుంట కూసోకు. మొదలు బ్యాకప్, తర్వాతనే ఏడుపు."

శుక్రవారమంతా యశోద పాలు కొలుస్తూ, పేడ ఎత్తుతూ, చేతులు కడుక్కుని వచ్చి ఆ గడిలో ఏదో ఒకటి కొడుతూనే ఉంది. అమ్మేసిన బర్రె పేరు కొట్టింది. బాలమ్మ పేరు కొట్టింది. పెళ్లి తారీఖు కొట్టింది. అమ్మవారి పేరు కొట్టి కళ్లకద్దుకుంది. పెట్టె అలిగినప్పుడల్లా లేచి వెళ్లి మరో పని చేసుకుని వచ్చింది. తన పేరు మాత్రం చివరిదాకా దాచుకుంది. అదే అయి ఉంటుందని ఆమెకు లోలోపల ఒక ఆశ. సాయంత్రం ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టింది. గడి ఒకసారి వణికి ఖాళీ అయింది. తన పేరు కూడా కాదు. మిగతావన్నీ తప్పయినప్పుడు లేని నొప్పి అప్పుడు కలిగింది.

"ఏం జేస్తున్నవే దానితోని?" అంది బాలమ్మ గడప మీంచి.

"తాళం తీస్తున్న అత్తమ్మా. రేపు కరెంటు పోతది."

"పోతే పోనీ. వాడు లోపలున్నడు గద, లోపలి నుంచి తీసుకుంటడు తియ్."

యశోదకు తెర మీది ఫోటోని చూడాలనిపించలేదు. ఒక తువ్వాలు తెచ్చి కప్పబోయి, కప్పితే ఊపిరాడదేమోనన్న పిచ్చి ఆలోచన వచ్చి ఆగిపోయింది. ఇక ఆమెకూ పిచ్చి పట్టేట్టుంది ఆ ఇంట్లో.

శనివారం వైకుంఠం చెప్పిన దానికన్నా ముందే కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుమంది. అనురాగ్‌కి ఫోన్ చేస్తే హారన్ల మోతలోంచి అరిచాడు. "నయాపూల్ మీదనే ఉన్న వదినా. బోనాల బందోబస్తని బారికేడ్లు పెట్టిండ్రు. ఆటో కదులుతలేదు. ఏం ఫికర్ జెయ్యకు, వస్తున్న." ఫికర్ చెయ్యొద్దన్న మనిషి గొంతులోనే ఫికరంతా ఉంది.

పక్కింటి బేబీ అప్పుడే వచ్చింది. మర్నాటి బోనం కుండకు సున్నం పూస్తూ లేచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా తెల్లగా ఉంది. ఏడాది తిరగలేదు కాబట్టి ఈ ఇంట్లో బోనం లేదు.

"వదినా, రేపటికి పెరుగు ఎక్కువ తోడెయ్... అది ఏందది, పిట్ట లెక్క ఒర్రుతున్నది?"

"సచ్చిపోతున్నది" అంది యశోద. ఆమె కుర్చీలో కూర్చుని గడివైపు చూస్తోంది. "పాస్‌వర్డ్ తెల్వదు. ఇగ ఒక్క గంట. అంతే బేబీ, పోయిండు."

బేబీ చేతులు ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకుంది. ఏం చెప్పాలో తోచనప్పుడు మనుషులు పాత ముచ్చట ఏదో ఒకటి తీస్తారు.

"అన్నతోని పాస్‌వర్డ్ లొల్లి నాకు గూడ అయింది వదినా. నా పెట్టె గూడ ఆయనే తయారు జేసిచ్చె గద. ఏం పాస్‌వర్డ్ పెట్టినవన్నా అంటే, నీకెందుకు అంటడు. నా కంప్యూటర్‌ది నాకెందుకంటవేందన్నా అని నేను. నీకెందుకు అని ఆయన. ఎన్నిసార్లు అడిగినా గదే మాట, గదే నవ్వు. నేను ఏడుపుమొఖం పెడితే అప్పుడు చెప్పిండు. పిచ్చిదానా, గదే పాస్‌వర్డ్, నీకెందుకు అని ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టు అన్నడు. ఎవడన్న అడిగితే చెప్పినట్టూ ఉంటది, చెప్పనట్టూ ఉంటదట. ఇప్పటికీ మా ఆయన అడిగితే నీకెందుకనే అంట. కొట్లాటనే మా ఇంట్ల."

నవ్వబోయి బేబీ ఆగింది. యశోద లేచి నిలబడి ఉంది.

"ఏమైంది వదినా?"

యశోద మళ్లీ కూర్చుంది. చూపుడువేలితో ఒక్కో మీట వెతికి నొక్కింది. వై. ఏ. ఇంకో ఏ. డీ. ఐ. ఒకచోట వేలు జారి, అంతా తుడిచి మళ్లీ మొదటినుంచి కొట్టింది. యాదిలేదు. ఆఖరి మీట నొక్కి కళ్లు మూసుకుంది.

"వదినా, తెరుచుకున్నది!" బేబీ కేక పెట్టింది.

కళ్లు తెరిచేసరికి మహేందర్ ఫోటో లేదు. దాని వెనక, అతను దవాఖానాకు వెళ్లిన నాటి పని అంతా పరిచినట్టుంది. యశోద అనురాగ్ మాట మరవలేదు. డిస్కు తీగ గుచ్చింది. ఫోల్డర్ పట్టి లాగింది. పచ్చటి గీత ఒకటి పుట్టి, చీమ నడకలా ముందుకు కదిలింది. కింద యూపీఎస్ కీచులు దగ్గరపడుతున్నాయి.

ఆ గీత వెనక ఒక కిటికీ తెరిచి ఉంది. మహేందర్ ఎవరికో సలహా రాస్తూ మధ్యలో లేచిపోయినట్టున్నాడు. లినక్స్ వాడేవాళ్లు ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోటు అది. ఎవరో అడిగారు, డిస్కుకు తాళం వేస్తే మంచిదేనా అని. కింద గడిలో మహేందర్ జవాబు.

"తప్పకుండా వేసుకోండి. అయితే తాళం మాట ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి. మనిషికి ఎప్పుడేమవుతుందో తెలియదు. నేను మా యశోదకు"

అక్కడితో ఆగింది. కర్సర్ ఆమె పేరు పక్కన ఆరుతూ వెలుగుతూ ఉంది.

యశోద ఆ పేరును చేత్తో తాకింది. ఆ గొంతు ఇన్నాళ్లూ ఒక్కసారీ పలకని పేరు. చెప్పాలనుకున్నాడో, చెప్పేశాననుకున్నాడో, రాసే వేళకు అతనికే తెలిసి ఉండదు. కానీ చెప్పాడు. మంచం మీద పడి, జ్వరంతో మండిపోతూ, అడిగిన ప్రతిసారీ సరైన జవాబే చెప్పాడు. అర్థమవుతుందని చూశాడు, నవ్వాడు. తనేమో చాయ తాగడానికి దిగిపోయింది.

"చెప్పినవ్" అంది ఆమె తెరతో. "నువ్వు చెప్పినవ్. నేనే ఇనలే."

బేబీ సున్నం చేతుల్తోనే ఆమె భుజం పట్టుకుంది. గీత చివరికంటా పోయి మాయమైంది. యశోద డిస్కు పీకి ఒళ్లో పెట్టుకుంది. యూపీఎస్ ఒక్కటే దీర్ఘంగా కూసింది. తెర నల్లబడింది. ఇన్ని నెలలుగా ఇంట్లో అలవాటైపోయిన గురక ఆగేసరికి, పక్క సందులో ఎవరో పసుపు దంచుతున్న రోకటి చప్పుడు గదిలోకి వచ్చింది.

ఆ నిశ్శబ్దానికి బాలమ్మ కొట్టంలోంచి పరుగున వచ్చింది. ఆమె నడుము పట్టుకుని పరుగెత్తడం యశోద ఎన్నడూ చూడలేదు.

"ఆగిందా?"

"ఆగింది అత్తమ్మా. ఏం గాలే. అన్నీ దీంట్లకు వచ్చినయి." డిస్కు చూపించింది.

బాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది.

"దీంట్ల ఉన్నడా?"

"ఉన్నడు" అంది యశోద.

మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ అనురాగ్ వచ్చాడు. ఆటోలోంచి దించిన ఇన్వర్టర్ అలాగే అరుగు మీద పడి ఉంది, దాంతో పని లేకపోయింది. సంగతి విని, "యాదిలేదా! నీ యబ్బ మహేందర్" అని ఏడ్చినంత పని చేశాడు. తన ల్యాప్‌టాప్‌లో డిస్కు తెరిచి, వెతికి, ఆ గొంతున్న ఫైలు యశోద ఫోన్‌లో వేసి ఇచ్చాడు.

"ఇగ ఎప్పుడంటే అప్పుడు ఇనొచ్చు పెద్దమ్మా" అన్నాడు బాలమ్మతో.

సాయంత్రమైంది. కరెంటు ఇంకా రాలేదు. యశోద గూట్లో దీపం వెలిగించి, గోలి, నీళ్లు బాలమ్మ ముందు పెట్టింది. ఈసారి కొట్టంలోకి పారిపోలేదు. ఎదురుగా కూర్చుని ఫోన్ మీద వేలు పెట్టింది.

"అమ్మా, బీపీ గోలి ఏసుకున్నవా? ఏసుకో. మర్శిపోకు."

అదే గొంతు. అదే బర్రె. కొట్టంలో దూడ కదిలిన అలికిడి కూడా అదే. బాలమ్మ జవాబివ్వలేదు. ఫోన్ వైపు చూసింది, తర్వాత యశోద వేలి వైపు చూసింది.

"నువ్వు ఒత్తినవ్" అంది.

"అవునత్తమ్మా. మల్ల ఒత్తాల్నా?"

"వద్దు. వాడంతల వాడు అడుగుతుండె. పొద్దుమీకంగనే, అమ్మ ఏం జేస్తున్నదో అని యాదికొచ్చి అడుగుతుండె. నువ్వు ఒత్తితే అడిగినట్టా?" ముసలామె మూలనున్న నల్లటి తెరను చూసింది. "వాడు లేడే దాంట్ల. దీంట్ల గూడ లేడు. యశోదా, వాడు లేడే."

ఆమె నోరు తెరిచింది. అప్పుడు వచ్చిన ఏడుపుకు సందులో ఆడుకుంటున్న పిల్లలు నిలబడిపోయారు. "నా కొడుకో" అని గుండెలు బాదుకుంటూ బాలమ్మ నేల మీద ఒరిగింది. యశోద ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. నెలల తరబడి దాచుకున్నదంతా ఇద్దరికీ ఒక్కసారే బయటికి వచ్చింది.

గడపలో బేబీ ప్రత్యక్షమైంది. పూసిన సున్నం ఆరిన కుండ చేతిలో ఉంది, దించి రావడం కూడా మరిచింది.

"ఏమైంది వదినా? ఏమైంది?"

యశోద తలెత్తింది.

"మీ అన్న పోయిండు బేబీ."

బేబీకి శవం ముందు నడిచింది గుర్తుంది, పదకొండో నాడు ఈ ఇంట్లో అన్నం తిన్నది గుర్తుంది. ఆమె ఆ సంగతేదీ ఎత్తలేదు. బోనం కుండను గడప అవతల జాగ్రత్తగా దించి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి ముసలామె కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక్కో ఇంటి నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది.